బోర్డు మీద కాటుక చుక్క

రాయి బిడ్డా, నేను చెప్తుంటే రాస్తూ పో. నడుమ నవ్వకు. ఆ రోజు నేను పడ్డ పాట్లు నాకే ఎరుక.

అప్పట్లో నేను మేడ్చల్ దగ్గర ఒక సర్కారు ఆడపిల్లల బడిలో ఆయమ్మను. పొద్దున్నే గౌడవెల్లి నుంచి నడిచి వచ్చేదాన్ని. ఏడాదికోసారి ఆఫీసరు కాగితం మీద సంతకం పెడితేనే నా కొలువు నిలిచేది. ఆ ఏడు ఆయనే బడి చూడటానికి వస్తున్నాడన్నారు. ఇక నా పరేషాన్ చెప్పతరమా!

బడంతా కడిగాను. చివరికి గేటు పక్క గోడకున్న పేరు బోర్డు తుడుస్తుంటే, ఇంగ్లీషు అక్షరాల పక్కన, కొంచెం పైకి, ఒక నల్ల మరక కనబడింది. బల్లి పెంట అనుకున్నాను. మా బడిలో బల్లులు మస్తుగా ఉండేవి మరి. పీచుతో రుద్దితే పోలేదు. గోటితో గీకాను. ఊడి వచ్చింది. చూస్తే గోట్లో పెయింటు!

అప్పుడు గుర్తొచ్చింది. మా పెద్ద మేడం ఇంగ్లీషు చెప్పేది. మొన్ననే పెయింటరు పక్కన నిలబడి మరీ ఆ చుక్క పెట్టించింది. "దీన్ని అపాస్ట్రఫీ అంటరు. 'గర్ల్స్' పక్కన ఇది లేకుంటే బడి ఆడపిల్లలదని ఎట్ల తెలుస్తది?" అని పిల్లలందరికీ చూపించింది. నేను గీకి పారేసింది దాన్నే.

అప్పటికే రోడ్డు మీద జీపు దుమ్ము లేస్తోంది. ఏమీ తోచక, కంటి కాటుక వేలికి తీసి, ఆ జాగాలోనే అద్దాను.

ఆఫీసరు దిగి నేరుగా బోర్డు దగ్గరే ఆగాడు. చేతిలోని కాగితం చూశాడు, బోర్డు చూశాడు, మళ్లీ కాగితం చూశాడు.

"మేడం, సర్కారు కాగితంల గీ చుక్క లేదు. ఎవరు పెట్టమన్నరు?" అంటూ వేలు ఆనించాడు. వేలు నల్లబడింది.

రోజూ నన్ను గద్దించే మేడం, చేతిలో పూలదండతో ఒకడుగు వెనక్కి వేసింది. ఆమెకూ భయమని అప్పుడే చూశాను.

"నేనే సారూ," అన్నాను. "బల్లి పెంటనుకొని గీకిన. తప్పయితదేమోనని మళ్ల కాటుక పెట్టిన."

ఆయన నా మొహంలోకి చూశాడు. ఒక కంటికే కాటుక ఉంది.

"గీకిందేదో మంచిగనే గీకినవ్ గదమ్మా! మళ్ల ఎందుకు పెట్టినవ్?"

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు, సంతకం ఇంకా పడలేదు కదా. ఆయన లోపల చాయ్ తాగినంతసేపూ తలుపు పక్కనే నిలబడ్డాను. జీపు పోయినాక మేడం నా కొలువు కాగితం తెచ్చి చేతిలో పెట్టింది. కింద పచ్చ సిరాతో ఆఫీసరు సంతకం.

"పో, మొహం కడుక్కో," అంది. రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి మెల్లగా అంది: "రేపొచ్చేటప్పుడు కాటుక డబ్బీ తెచ్చుకో. ఆ చుక్క మళ్ల పెట్టు. సార్ వస్తే తుడిచేద్దాం."

ఆ బడిలో ఉన్నన్నాళ్లూ, జీపు చప్పుడు వినిపిస్తే చాలు బిడ్డా, తడిబట్ట పట్టుకొని గేటు దగ్గరికి ఉరికేదాన్ని.