పాతదే ఉంచమన్నందుకు వచ్చిన పెళ్లిచీర

ధర్మవరంలో మా ప్రోగ్రాం వాడే చీరల అంగళ్లన్నింటిలో ఒక్కసారిగా బిల్లింగు ఆపేసిన ఘనత నాది. ఆ సమయంలో నేను అక్కడే ఒక అంగట్లో, కాబోయే అత్తగారి పక్కన, తల వంచుకుని మహా బుద్ధిమంతురాలిలా కూర్చున్నాను. నవ్వుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు.

అప్పట్లో హిందూపురంలో ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం. చీరల అంగళ్లకు బిల్లులు వేసే ప్రోగ్రాం మాది. అది నడిచే లినక్స్ సర్వర్లు ఎక్కడో క్లౌడ్‌లో అద్దెకుండేవి. వాటికి కొత్త వెర్షన్లు అందించే రిపోజిటరీ, అంటే ఒక గోడౌను లాంటిదనుకోండి, మూతపడబోతోంది. ప్రతి సర్వర్‌లోనూ దాని చిరునామా తీసేసి, వేరే గోడౌను చిరునామా పెట్టి, అప్‌డేట్ చేయాలి. ఒక్కొక్కటీ చేత్తో చేస్తే నా తెలివికి అవమానం కదా! స్క్రిప్ట్ రాశాను. తెల్లవారుజామున ఐదింటికి అదే లేచి, బిల్లింగు ఆపి, అన్నీ మార్చి, మళ్లీ నడిపిస్తుంది.

"ముందు ఒకదాని మీద చూసి, మిగతావాటికి పెట్టమ్మా," అన్నారు మా బాస్ మంజు సార్.

"ఏం గాదు సార్. అంగళ్లు తెరిచేలోపల అయిపోతాది," అన్నాను. ఆ ధీమా చూస్తే క్లౌడ్‌ను కనిపెట్టిందే నేననుకుంటారు.

మరునాడు సెలవు పెట్టి, పెళ్లిచీరలు కొనడానికని అమ్మతో రైలెక్కాను. పెనుకొండలో అత్తగారు ఎక్కారు. ధర్మవరంలో మా ముందు చీరల గుట్ట లేచింది. అత్తగారు మొదట చూసిన చిలకపచ్చ చీర మీద మనసు పడ్డారు. దానికి నారింజరంగు అంచు. అది కట్టుకుంటే నన్ను జామపండు పెట్టి పిలుస్తారు. నాకేమో తర్వాత తీసిన వంకాయరంగు చీర నచ్చింది. చెప్పడానికి నోరు రాలేదు.

అంతలో గల్లా దగ్గర అలజడి.

"యాందబ్బా ఇది! బిల్లు రాకుండా నిలిచిపోయిండాది!" అని యజమాని కేక. పక్కంగట్లోంచీ అదే కేక.

"ఎవురో తిక్కలోడు ఏదో నొక్కింటాడు," అన్నారు అత్తగారు.

గోడ గడియారం వైపు చూశాను. పదిన్నర. అప్పుడు బుర్రలో వెలిగింది. ఆ సర్వర్ల గడియారం మనకంటే ఐదున్నర గంటలు వెనక నడుస్తుంది. వాటికి తెల్లవారుజాము ఐదు ఇప్పుడే అయింది!

ఫోన్ మోగింది. మంజు సార్. "యాడుండావమ్మా? సర్వర్లన్నీ ఒకటే ప్రశ్న అడుగుతా నిలబడిండాయి. పాత సెట్టింగు ఉంచాలనా, కొత్తది పెట్టాలనా అంట. ఏం కొట్టేది?"

నా స్క్రిప్ట్‌కు ఆ ప్రశ్న వస్తుందనే తెలియదు. కొత్తది పెడితే అంగళ్ల వివరాలన్నీ ఊడ్చుకుపోతాయి. సరిగ్గా అప్పుడే అత్తగారు రెండు చేతుల్లో రెండు చీరలు పట్టుకుని, "ఏమ్మా, ముందు చూసిందా, ఈ కొత్తదా? నీ ఇష్టమే నా ఇష్టం, చెప్పు," అన్నారు.

నేను ఫోన్లోకి అరిచాను. "పాతదే! పాతదే ఉంచండి! కొత్తది వద్దే వద్దు!"

"అన్నిటికీనా?" అన్నారు సార్.

"అన్నిటికీ!"

కాసేపటికి గల్లా దగ్గర ప్రింటర్ కిర్రుమంది. జనం హమ్మయ్య అనుకున్నారు. నేను చెమట తుడుచుకుని తిరిగి చూసేసరికి చిలకపచ్చ చీర మడతపెట్టి సంచిలో పెట్టేస్తున్నారు.

"చూడు వదినా, నా మనసులో మాటే చెప్పింది!" అని అత్తగారు మా అమ్మతో మురిసిపోతున్నారు. "అన్నిటికీ అదే రంగు కావాలనింది. వ్రతానికీ ఒకటి, రిసెప్షన్‌కూ ఒకటి తీసేసినా!"

నిజం చెప్పాలంటే బిల్లింగు ఆపిన తిక్కది నేనేనని అక్కడ విసుగ్గా నిలబడ్డ జనమందరి ముందూ ఒప్పుకోవాలి. మీరైతే ఒప్పుకునేవారా? నేను సిగ్గుపడుతున్నట్టు తల వంచుకున్నాను.

నా పెళ్లి ఆల్బమ్‌లో మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా పచ్చటి పైరే. కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. సర్వర్ టైమెంతో చూడనిదే ఇక ఏ స్క్రిప్టునూ వదలను. ఒకవేళ వదిలినా, ఆ రోజు చీరలు కొనడానికి మాత్రం వెళ్లను.