టేపక్క కట్టిన లెక్క

కొత్త బల్ల కావాలని ఎవరైనా కాగితం పెడితే, సంతకం చేసే ముందు ఆవిడ మేడ మీంచి దిగి వచ్చేది. సంచిలోంచి దర్జీలు వాడే పసుపు టేపు తీసి, బల్ల వేయాలనుకున్న చోటు పొడవూ వెడల్పూ కొలిచేది. గుమ్మంలో పట్టదనుకుంటే అక్కడే చెప్పేసేది. దాంతో మా మేస్త్రి ఆవిడకి టేపక్క అని పేరు పెట్టాడు. ఆ పేరు ఫ్యాక్టరీ అంతా పాకి చివరికి ఆవిడ చెవినే పడింది. కోపం తెచ్చుకుంటుందేమో అనుకున్నాం. "జీతం స్లిప్పు మీద మాత్రం అసలు పేరే ఉండనివ్వండి" అని నవ్వి ఊరుకుంది.

ఆవిడ పని లెక్కల విభాగంలో. ఏ మిషన్ ఎప్పుడు కొన్నారు, వాడకంలో అరిగిందని ఏటా విలువలో ఎంత తరుగు రాస్తున్నారు, ఇప్పుడు దాని విలువెంత, ఏ గదిలో ఉంది, ఇవన్నీ ఆవిడ చూడాలి. కుర్చీలో కూర్చుని చూడొచ్చు. ఆవిడ మాత్రం నడిచి చూసేది. ఆ అలవాటు వాళ్ళమ్మ దగ్గర్నుంచి వచ్చిందట. వాళ్ళమ్మ ఇంటి ముందుగదిలో కుట్టుమిషన్ పెట్టుకుని బట్టలు కుట్టేది. చిన్నప్పుడు టేపక్క ఆ మిషన్ కింద కూర్చుని, రాలిన గుండుసూదులు అయస్కాంతంతో ఏరి డబ్బాలో వేసేది. బట్ట ఇవ్వడానికి వచ్చినవాళ్ళు "పాత కొలతే అమ్మా, నేనేం మారలేదు" అనేవాళ్ళు. వాళ్ళమ్మ సరేనంటూనే మెళ్ళో టేపు తీసి మళ్ళీ కొలిచేది. వాళ్ళు వెళ్ళాక కూతురితో, "అబద్ధం చెప్పారని కాదే. ఎవరి ఒళ్ళు వాళ్ళకి తెలీదు, అంతే" అనేది.

మా కంపెనీలో టేపక్క మొదట చేరింది స్టోర్సులో, చేతి తొడుగులూ తలకి పెట్టుకునే టోపీలూ ఇచ్చే కిటికీ దగ్గర. ఆ కిటికీ వెనకే చదువుకుని, పరీక్షలు రాసి, మేడెక్కింది.

కంపెనీలో అప్పుడు రెండు విభాగాలు. ఒకటి సెన్సర్ చిప్పులు చేసేది. రెండోది పవర్ చిప్పులు, అంటే పంపులకీ లిఫ్టులకీ పెద్ద మోటార్లకీ కరెంటు అదుపు చేసేవి. రెంటికీ మధ్య నడవా చివర మా గది. తయారైన చిప్పుని పరీక్షించేటప్పుడు అది కదలకుండా కూర్చోవడానికి ఒక పీట కావాలి. దాన్ని జిగ్గు అంటాం. పీట వెంట్రుకవాసి పక్కకి జరిగినా పరీక్ష మిషన్ సూదులు చిప్పు కాళ్ళకి సరిగ్గా తగలవు, మంచి చిప్పు కూడా పాడైందని తేలుతుంది. ఆ జిగ్గులు చేయడమూ, అరిగినవి బాగుచేయడమూ మా పని. మేస్త్రి, నేను, ఇంకో ముగ్గురు. ఒక డ్రిల్లు, ఒక మిల్లింగ్ మిషన్, ఇనుప ముక్కని కదలకుండా బిగించి పట్టడానికి, మేస్త్రి కంటే ముందే ఆ గదికి వచ్చిన ఇనుప వైసు.

పవర్ చిప్పుల విభాగాన్ని వేరే కంపెనీకి అమ్ముతున్నారని నోటీసు పెట్టారు. అందులో ఉన్న నియమం చిన్నదే. ఆ విభాగం మిషన్లు కొన్నవాళ్ళకి పోతాయి. పని సమయంలో సగానికి పైగా ఆ విభాగానికి పెట్టిన మనుషులు, వాళ్ళ సర్వీసుతో సహా అటు వెళతారు. మిగిలినవాళ్ళు ఇక్కడే ఉంటారు. ఇక్కడ ఉండటం మంచిదే కదా అని బయటివాళ్ళకి అనిపిస్తుంది. కానీ సెన్సర్లవాళ్ళు తమ జిగ్గులు బయట తయారైనవి కొనుక్కుంటారు. ఇక్కడ మిగిలితే మాకు చేయడానికి పనే ఉండదు. పని లేని గదిని ఎవరుంచుతారు?

మేం చేసేదంతా పవర్ చిప్పుల పనే. అయినా కాగితం మీద మేం ఆ విభాగం వాళ్ళం కాదు. రోజూ చేసిన పని ఏ విభాగానిదో స్లిప్పు మీద కోడ్ వేసి రాయాలి. మా గదిలో అందరం ఎన్నో ఏళ్ళుగా ఒకటే కోడ్ వేస్తూ వచ్చాం, ఉమ్మడి అని. పవర్ విభాగం మేనేజరుకి ఖర్చులెక్కువయ్యాయని పైనుంచి ఎప్పుడూ అక్షింతలు పడుతుండేవి. మా మేస్త్రిది జాలి గుండె. "మనవాడి నెత్తిన మన భారం కూడా ఎందుకురా, ఉమ్మడిలో రాసెయ్యండి" అన్నాడు. అదే ఆచారమైపోయింది. ఇప్పుడు చూస్తే మేం అందరివాళ్ళం, అంటే ఎవరికీ చెందనివాళ్ళం.

నోటీసు వచ్చిన వారంలోనే టేపక్క చీటీల కట్ట పట్టుకుని కిందికి దిగింది. అమ్మే మిషన్లకి ఒక్కోదానికి చీటీ అతికిస్తోంది. ఎదురుగా ఉన్న పరీక్ష మిషన్‌కి అతికిస్తుంటే మేస్త్రి గుమ్మంలో నిలబడి అడిగాడు.

"ఆ చీటీ ఏం చేస్తుందమ్మా?"

"అమ్మకానికి పెట్టినట్టు గుర్తు బాబాయ్. ఇవాళ్టి నుంచి దీనికి తరుగు రాయడం ఆపేస్తాం. వాడే వస్తువుకే తరుగు. అమ్ముదామని తేల్చాక దానికి ఎంత వస్తుందన్నదే లెక్క."

"అంటే ఇవాళ్టి నుంచి దీని వయసు పెరగదన్నమాట. నా వీపు మీద కూడా ఓ చీటీ అతికించు. మోకాళ్ళ నొప్పులు ఆగుతాయి."

టేపక్క నవ్వింది. తర్వాత లోపలికి చూసి జాబితా తిరగేసింది. "మీ గది ఇందులో లేదే" అంది.

మేస్త్రి నా వైపు చూశాడు. ఉమ్మడి కోడ్ సంగతి నేనే చెప్పాను. విన్నంతసేపూ ఆవిడ వైసు మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"పాత స్లిప్పులు మార్చి రాసిస్తే సరిపోదా అక్కా? నిజంగా చేసిన పనే కదా" అన్నాను.

"నిజమే తమ్ముడూ. కానీ గది పోతుందని తెలిశాక మార్చిన కాగితాన్ని ఎవరు నమ్ముతారు? నేనే నమ్మను. పాతవి అలాగే ఉండనీ. నేను వేరే కొలత తీస్తాను. ఎటు వస్తే అటే రాస్తాను, ఆ మాట ముందే చెబుతున్నా."

మేస్త్రికి ఆ చివరి మాట మింగుడు పడలేదు. వెళ్ళబోతుంటే ఆపి, "మీ అమ్మగారి కుట్టుమిషన్ కుట్లు వదిలేస్తోందని ఆ మధ్య అన్నావు కదా, తెచ్చెయ్యి, చేసి పెడతా" అన్నాడు.

"అమ్మకం అయ్యేదాకా దాని మాట ఎత్తకు బాబాయ్. ఇప్పుడు నువ్వు నాకు సూది ఇచ్చినా తప్పే."

ఆ సాయంత్రం మేస్త్రి చేతులు కడుక్కుంటూ, "ఈ పిల్ల మనల్ని ముంచుతుందో తేలుస్తుందో" అన్నాడు. నాకూ అదే భయం. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు. చెబితే ఆ పూట అన్నం సయించదని.

మర్నాటి నుంచి టేపక్క పొద్దున ఒక గంట మా గదిలోనే. లోపలికి వచ్చే ప్రతి పనినీ తన చేత్తో తీసి చూసేది. అరల్లో ఉన్న పాత జిగ్గులన్నీ దింపించింది. జిగ్గు అడుగున నాలుగు బెజ్జాలుంటాయి, వాటితోనే అది మిషన్‌కి బిగుస్తుంది. పవర్ మిషన్లకి ఆ బెజ్జాల దూరం ఒక కొలత, సెన్సర్ మిషన్లకి ఇంకో కొలత, కాబట్టి బెజ్జాలు కొలిస్తే జిగ్గు ఏ విభాగానిదో తేలిపోతుంది. ఇది మేం చెబితే ఆవిడ తలూపింది కానీ నమ్మేయలేదు. టేపు తీసింది.

మేస్త్రి పకపకా నవ్వాడు. "ఇది చొక్కా కాదమ్మా." వెంట్రుకవాసి తేడా కూడా కొలిచే తన వెర్నియర్ తీసి ఆవిడ చేతిలో పెట్టి, దవడలు బెజ్జంలో ఎలా ఆనించాలో, గీత గీతకి ఎక్కడ కలుస్తుందో చూపించాడు. వెర్నియర్‌ని ఆయన మమ్మల్నే ముట్టుకోనిచ్చేవాడు కాదు. టేపక్క రెండుసార్లు తప్పు చదివింది, మూడోసారి సరిగ్గా చెప్పింది. తర్వాత ఎవరి సాయం లేకుండా ప్రతి జిగ్గూ కొలిచింది. అనుమానం వచ్చిన వాటిని నాతో మోయించి, నిజంగానే మిషన్ మీద బిగించి చూసింది.

ఒకరోజు క్యాంటీన్ నుంచి ఊడిపోయిన గరిటె వచ్చింది.

"ఇది ఏ విభాగం బాబాయ్?"

"ఆకలి విభాగం."

ఆవిడ నవ్వకుండా దాన్నీ రాసుకుంది, నిజమైన ఉమ్మడి పని అని.

కొలత పూర్తయ్యేసరికి తేలిందేమిటంటే, గరిటెలూ తలుపు గొళ్ళాలూ తీసేస్తే మా పని దాదాపు అంతా పవర్ చిప్పులదే. మేం ఎగిరి గంతేశాం. టేపక్క మొహంలో మాత్రం సంతోషం లేదు.

"ఇంకో సగం ఉంది తమ్ముడూ. మీరు ఆ విభాగం వాళ్ళయితే మీ జీతాలూ మీ ఇనుమూ ఆ విభాగం ఖర్చే. అమ్మే వ్యాపారం లాభనష్టాలు కంపెనీ లెక్కలో విడదీసి చూపించాలి, ఈ ఏడాదివీ కిందటేడాదివీ కూడా. ఒకే గుడ్డలో కుట్టిన రెండు చొక్కాలు అతుకు విప్పి తీస్తున్నట్టు. మీ గది అటు కలిస్తే వాళ్ళ లాభం తగ్గుతుంది. మీ ఖర్చు కలపని ఎక్కువ లాభం అంకె కొనేవాళ్ళకి ఇప్పటికే ఇచ్చేశాం."

 ఇచ్చిన అంకె తగ్గించడానికి ఏ పెద్దమనిషి ఒప్పుకుంటాడు?

టేపక్క లెక్కల పెద్దసారు దగ్గరికి వెళ్ళింది. ఆ గదిలో ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. రెండ్రోజుల తర్వాత కొనేవాళ్ళ తరఫు మనుషులు వస్తున్నారు, మా జిగ్గు ఒకటీ, సెన్సర్లవాళ్ళ దగ్గర అడిగి వాళ్ళది ఒకటీ తీసుకుని మేడ మీదికి రమ్మని నాకు కబురొచ్చింది. పొడుగాటి బల్ల చుట్టూ అందరూ కూర్చున్నారు. టేపక్క లేచి నిలబడింది.

"మేం ముందు ఇచ్చిన లాభం అంకెలో ఈ గది ఖర్చు లేదు. ఉండాలి. కలిపితే ఇంత తగ్గుతుంది" అని కాగితం ముందుకి జరిపింది.  

అటువైపు లెక్కలాయన, నెరిసిన జుట్టాయన, కాగితం చదివి నా చేతిలో ఉన్నవాటి వైపు చూశాడు. "ఇవేమిటి?"

చెప్పాను. ఆయన రెండూ చేతిలోకి తీసుకుని, ఒకదాని మీద ఒకటి పెట్టి, బెజ్జాలు కలవకపోవడం తనే చూశాడు. "ఈ గది మాకు రాకపోతే ఇవి ఎక్కడ దొరుకుతాయి?"

"బయట చేయించుకోవాలండి. అరిగిన ప్రతిసారీ పంపాలి. అవి వచ్చేదాకా మిషన్ ఆగాలి."

ఆయన తలూపాడు. "గది మాకు కావాలి. ధర మళ్ళీ మాట్లాడుకుందాం."

ధర కొంత తగ్గింది. పెద్దసారు మొహం మాడ్చుకున్నా మాట మాత్రం న్యాయంగానే అన్నాడు. "అమ్మాక వాళ్ళే కనిపెట్టి మనల్ని నిలదీసేకంటే ఇదే నయం." విడదీసిన లెక్కంతా మళ్ళీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది. ఆ పని టేపక్క మీదే పడింది. ఆవిడ దాన్ని ఎవరి దగ్గరా ఏకరువు పెట్టలేదు. మధ్యాహ్నం భోజనానికి కిందికి రావడం మానేసింది, అంతే.

అప్పగించే ముందు రోజు ఆవిడ చీటీలతో మా గదికి వచ్చింది. మిల్లింగ్ మిషన్‌కి, డ్రిల్లుకి అతికించి, చివరికి వైసు దగ్గర ఆగింది.

"దీని విలువ ఎప్పుడో సున్నా అయిపోయి ఉంటుంది కదమ్మా" అన్నాడు మేస్త్రి.

"సున్నాయే. అయినా పేరు రాయాలి. రాయకపోతే రేపు గేటు దగ్గర దీన్ని ఆపేస్తారు, నువ్వు దీన్ని వదిలి కదలవు." తడిగుడ్డతో నూనె తుడిచి చీటీ అతికించింది. మేస్త్రి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ రోజు ఇంటికి వెళ్ళాక మా ఆవిడకి మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. "ఇన్నాళ్ళూ దాచావా" అని కాసేపు సాధించి, తర్వాత, "ఆవిడకి ఏం పెట్టి పంపావు?" అంది. ఏమీ పెట్టలేదు. పుచ్చుకోదు.

మేం కొత్త కంపెనీకి మారాం. ఆవిడ పాతదాంట్లోనే ఉండిపోయింది. కొన్నాళ్ళకి ఒక సెలవు రోజున నేను మేస్త్రి ఇంట్లో ఉండగా, గేటు ముందు బండి ఆగింది. టేపక్క, వాళ్ళమ్మ, మధ్యలో దుప్పటి చుట్టిన కుట్టుమిషన్.

"అమ్మకం అయిపోయింది కదా బాబాయ్. ఇప్పుడు చూడు."

మేస్త్రి వరండాలో చాప వేసి మిషన్ విప్పాడు. కింద దారం పట్టే కొక్కెం సూదికి అందాల్సిన క్షణం కంటే కాస్త వెనక తిరుగుతోంది. సరిచేసి బిగించి, గుడ్డముక్క కింద పెట్టి తొక్కమన్నాడు. వాళ్ళమ్మ తొక్కింది. కుట్లు వరసగా పడ్డాయి. ఆవిడ గుడ్డని వెలుతురుకి ఎత్తి చూసి, "నా పెళ్ళప్పుడు ఇలా కుట్టేది" అంది.

"కూలి చెప్పు బాబాయ్. ఊరికే ఒద్దు" అంది టేపక్క సంచి తెరుస్తూ.

"ఉమ్మడిలో రాసుకుంటాలే."

"అలా రాస్తే మళ్ళీ టేపు పట్టుకుని వస్తాను."

"రా అమ్మా" అన్నాడు మేస్త్రి, వెర్నియర్‌ని మెత్తటి గుడ్డలో చుడుతూ. "అందుకే రాస్తున్నా."