గౌరీశ్వరి మిషను మీద పడ్డ మాట

మధురవాడలో మా అపార్ట్‌మెంట్‌కి గౌరీశ్వరి వస్తే, లిఫ్ట్ కంటే ముందు ఆమె గొంతు పైకొస్తుంది. సబ్బవరం దగ్గరి రైతు కుటుంబం. ఇక్కడి ఐటీ ఆఫీసులో నాలుగేళ్లు హౌస్‌కీపింగ్ చేసి వాక్యూమ్ క్లీనర్ వాడటం నేర్చుకుంది. తర్వాత సొంతంగా ఒకటి కొనుక్కుని, ఇళ్లలో సాలీళ్లనీ బొద్దింకలనీ లాగేసే పనిలోకి దిగింది. పురుగుల మందు కొట్టదు. పసిపిల్లలున్న ఇళ్లకీ, నాలాంటి ఆయాసం మనుషులకీ అదే కావాలి.

ఆమె పని చూసి తీరాలి. కర్టెన్ రాడ్ వెనకా, అలమర సందుల్లోనూ సన్నటి గొట్టం పెట్టి లాగేస్తుంది. సాలీడు దొరికినా ఆగదు. గోడ మూల దూదిలా అంటుకున్న గుడ్ల సంచి కోసం స్టూలెక్కి మరీ వెతుకుతుంది. “తల్లిని లాగేసి పిల్లల్ని ఒగ్గేత్తే ఏటి లాభమమ్మా?” అంటుంది. పట్టిందంతా సబ్బు నీళ్ల బకెట్లో ముంచి, గొట్టం కడిగి ఆరబెట్టాకే మరో ఇంటికి వెళుతుంది. ముప్పై ఏళ్లు స్టీల్‌ప్లాంట్ క్వార్టర్స్‌లో కాపురం చేసి, శుభ్రతంటే నాదే అనుకున్నదాన్ని నేను. నా వంటింట్లోంచే గుప్పెడు బొద్దింకలు లాగి చూపించాక నోరు మూసుకున్నాను.

అలాంటి మనిషి మీద మాట పడింది. మూడో అంతస్తు చంద్రిక ఇంట్లో పాప ఒంటినిండా దద్దుర్లు. పరుపెత్తి చూస్తే నల్లులు! వారం ముందే గౌరీశ్వరి ఆ ఇంట్లో గోడలూ పైకప్పూ బూజు లాగి వెళ్లింది. ఇంకేముంది? ఇంటింటికీ తిరిగే ఆ మిషనే నల్లుల్ని మోసుకొచ్చిందని, ఎవరూ రానివ్వొద్దని చంద్రిక వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది. నీళ్లు రావట్లేదంటే ఒక్కరూ పలకని గ్రూపు అది. ఆ రోజు మాత్రం సాయంత్రానికల్లా ఏడిళ్లవాళ్లు గౌరీశ్వరిని రావద్దన్నారు.

నాకు ఒళ్లు మండింది. “వెళ్లి ఆవిణ్ణి కడిగి పారెయ్యి!” అన్నాను గౌరీశ్వరితో.

“ఆయమ్మ భయంలో తప్పు లేదమ్మా. మిషను సుబ్బరంగా లేకపోతే నల్లులు నిజంగానే ఇంటింటికీ ఎల్తాయి. నా మిషను అలాటిది కాదని తేల్చుకోవాల,” అంది. గొంతు మాత్రం ఆ రోజు చిన్నదైపోయింది.

మర్నాడు పొద్దున్నే నన్ను తోడు తీసుకుని చంద్రిక తలుపు కొట్టింది. “ముందు మిషను సూడండి,” అని గుమ్మంలోనే విప్పి పరిచింది. లోపల నలుసు లేదు. తర్వాత, పట్టిందేదో కళ్లకి కనబడేలా గొట్టం నోట్లోకి పల్చటి మేజోడు దూర్చి, అంచుని రబ్బరు బ్యాండుతో బిగించింది. పరుపు కుట్లలో నాలుగైదు నల్లులు దొరికాయి. మంచం కింద ఒక బ్యాగు ఉంది. ఓడలో పనిచేసే చంద్రిక భర్త జయంత్ ఇరవై రోజుల కింద తెచ్చుకున్నది. దాని కుట్ల వెంట గొట్టం నడిపేసరికి మేజోడు అడుగంతా నల్లులే.

చంద్రిక ముఖం పాలిపోయింది. “సారీ గౌరీశ్వరీ. ఇక అందరిళ్లకీ వెళ్లు, నేను ఎవరికీ ఏమీ చెప్పను,” అంది.

“సెప్పాలమ్మా. పోగొట్టుకున్న సోటే ఎతుక్కోవాల. నా పేరు గ్రూపులో పోయింది, గ్రూపులోనే రాయండి. బ్యాగు సంగతి అక్కర్లేదు, అది మీ ఇంటి గుట్టు. నల్లుల్ని నా మిషను తేలేదని రాత్తే సాలు.”

చంద్రిక అక్కడే నిలబడి రాసింది. గౌరీశ్వరి ఫోను తీసుకుని, ప్రతి మాటా చదివి తిరిగిచ్చింది. నా కడుపున పుట్టిన పిల్ల కాదు, అయినా గర్వంతో నా కళ్లు చెమర్చాయి. (బ్యాగు సంగతి ఇప్పుడు జయంతే నవ్వుతూ అందరికీ చెప్పుకుంటున్నాడు, అందుకే రాస్తున్నాను.)

గంటలో ఫోన్లు మొదలయ్యాయి. రేపు రమ్మని ఒకరు, ఇవాళే రమ్మని ఒకరు. ఆమె మంచం సందుల్లో గొట్టం ఆడిస్తూనే ఏడుగురికీ ఒకటే జవాబు చెప్పింది.

“ఇప్పుడు కాదమ్మా. ఈ మిషనిప్పుడు నల్లుల్ని పట్టింది. గుడ్లు పగిలి మళ్లీ వత్తాయి, మూడు వారాలైనా పడతాది. పాపకి దద్దుర్లు తగ్గి, మేజోట్లో ఒక్క నల్లీ పడని రోజు దాకా ఇది ఇంకో గుమ్మం ఎక్కదు.”

ఏడిళ్లవాళ్లూ ఆమె కోసం ఆగారు.