చిన్న బటన్, పెద్ద బటన్

ఒక్క మాట పలకడానికి సిగ్గుపడి ఒక ఆఫీసు మొత్తానికి మరుగుదొడ్లు లేకుండా చేసిన ఘనత నాది. నవ్వండి, పర్వాలేదు. ఆ రోజు అక్కడ నవ్వలేకపోయినవాళ్ల వాటా కూడా మీరే నవ్వండి.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. చీపురుపల్లిలో మాది కిరాణా కొట్టు. నీళ్లూ కరెంటూ ఆదా చేసే కొత్త రకం భవనాల్లో, అక్కడి ఉద్యోగులకు వాటి వాడకం నేర్పే ఉద్యోగంలో కొత్తగా చేరాను. ఇంకా పర్మనెంటు కాలేదు. శ్రీకాకుళంలో ఓ రికార్డుల ఆఫీసుకు పంపారు. అక్కడ కాపలా ఎంత గట్టిదంటే నా ఫోను, బ్యాగు, ఆఖరికి పులిహోర డబ్బా కూడా గేటు దగ్గరే ఆగిపోయాయి. నాకు పాసు ఇచ్చింది ఒక్క గంటకే.

వాటంతటవే ఆరిపోయే లైట్ల గురించి, వాన నీళ్ల తొట్టి గురించి అదరగొట్టేశాను. చివర్న ఫ్లష్ వచ్చింది. దానికి రెండు బటన్లు. చిన్నది నొక్కితే కాసిని నీళ్లు, పెద్దది నొక్కితే ఎక్కువ నీళ్లు. దేనికి ఏది నొక్కాలో చెప్పాలి. ఎదురుగా చూస్తే అందరూ మా నాన్న వయసు మగవాళ్లు. అసలు మాట మింగేసి, గోడకేసి చూస్తూ అన్నాను:

"చిన్నకి చిన్నది, పెద్దకి పెద్దది. అర్థమైంది కదండీ?"

"అర్థమైందండీ!" అన్నారు ఒక్క గొంతుతో. బతికిపోయాననుకున్నాను.

నెల తిరిగేసరికి అక్కడ నీళ్ల వాడకం ఎంత తగ్గిందంటే, మా మేనేజరు నన్ను మెచ్చుకుంటూ అందరికీ మెయిల్ పెట్టాడు. అది నాన్నకు రెండుసార్లు చదివి వినిపించాను. మర్నాడే ఆ ఆఫీసు సూపరింటెండెంటుగారి ఫోను.

"మరుగుదొడ్లన్నీ, నా గదిలోది కూడా, నిండిపోయాయమ్మా. కడిగే అప్పలమ్మ పని ఎగ్గొడుతోంది. తీసేస్తున్నాం. ఒకసారి వచ్చి చూడండి."

పరుగున వెళ్లాను. లోపల ఆయన ముందు అప్పలమ్మ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. చుట్టూ సిబ్బంది.

"రోజూ కడుగుతన్నాను బాబూ! నానేటి సేసేది? పిల్లల సదువు ఈ పని మీదే ఉన్నాది" అని ఏడుస్తోంది.

నాకేదో అనుమానం వచ్చింది. "అప్పలమ్మా, పెద్ద బటన్ నొక్కుతున్నారా?"

"ఏటమ్మా ఆ మాట! పెద్దోల్లది నానెలాగ నొక్కుతాను? సిన్నోల్లకి సిన్నది, పెద్దోల్లకి పెద్దది అని నువ్వే సెప్పావంట గదా!"

గుమాస్తాలంతా తలలూపారు. "మేమూ హద్దు దాటలేదు మేడమ్!"

నోరు విప్పితే నా ఉద్యోగం పోతుంది, విప్పకపోతే ఆమెది. ఆమె తడి కళ్లు చూశాక నిజంగా సిగ్గేసింది.

"సార్, తప్పు అప్పలమ్మది కాదు, నాది" అని, కళ్లు గట్టిగా మూసుకుని అరిచాను. "చిన్న బటన్ ఒంటేలుకి! పెద్ద బటన్ దొడ్డికి!"

గేటు దగ్గర గార్డు కూడా లోపలికి తొంగి చూశాడు.

"ఓలమ్మో! ఈ ముక్క ఆ రోజే సెప్పొచ్చు గదేటి!" అంది అప్పలమ్మ, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని.

నాకు ఒక్కటే అర్థం కాలేదు. "ఇక్కడ అందరికంటే పెద్ద మీరే కదా సార్. మీ గదిలోది ఎలా నిండింది?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"పెద్దవాళ్లంటే విశాఖ నుంచొచ్చే మా డైరెక్టరుగారనుకున్నానమ్మా. ఆయనింకా రాలేదు."

అప్పలమ్మ ఉద్యోగం నిలబడింది. "విషయాన్ని అరమరికలు లేకుండా వివరించారు" అని ఆయన రాసిచ్చిన ఉత్తరంతో నాదీ నిలబడింది. ఆ సాయంత్రం చీపురుపల్లి బస్సులో కూర్చుని ఒట్టు పెట్టుకున్నాను: ఇక మీదట ఎంతటి సభ అయినా, ఎదురుగా సాక్షాత్తు ఆ డైరెక్టరుగారే కూర్చున్నా, దొడ్డిని దొడ్డి అనే అంటాను.