విప్పని ముడి

పని త్వరగా తెమలాలని మిల్లు మేస్త్రీ రంపానికున్న రక్షణ రేకు తీయించేశాడు. లెనార్డ్ కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. ఇప్పుడు వికలాంగుల భృతే అతనికి ఆధారం. ఫిలిప్పీన్స్‌లో ఉన్న భార్య మారిసెల్‌ని ఒహాయోకి రప్పించుకోవడానికి అది చాలదట, ఇంకొకరు హామీ సంతకం పెట్టాలట. అందుకే ప్రతి ఆదివారం, చర్చిలో కాఫీలు తాగేచోట, కాగితాలు చంకలో ఇరికించుకుని ఎవరో ఒకర్ని అడుగుతాడు. మొన్న సొంత అన్న డ్వెయిన్‌నే అడిగాడు.

"నిన్నే సర్కారు సాకుతోంది కదరా! రేపు ఆవిడ నిన్నొదిలేసి పోయినా ఆవిడ తిండి నా మెడకేగా?" అని నవ్వాడు డ్వెయిన్.

లెనార్డ్ కాగితాల మీద రాలిన డోనట్ చక్కెరను ఊది, బూట్లు ఈడ్చుకుంటూ వెళ్లిపోయాడు. లేసులు విప్పకుండానే తొడిగి తొడిగి వాటి మడమలు అణిగిపోయాయి. రెండేళ్ల కిందట, చివరిసారి కలిసినప్పుడు, ఫిలిప్పీన్స్‌లోని సెబు విమానాశ్రయంలో మారిసెల్ వంగి వేసిన ముడి అది.

"గట్టిగా కట్టవే," అన్నాడు అప్పుడు, "నువ్వొచ్చేదాకా విప్పను."