నర్సింలుకు కొన్న మల్టీ టూల్

1997 మార్చి 31, సోమవారం. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో మేము పనిచేసిన కర్మాగారం, మెయింటెనెన్స్ షెడ్డు. హాజరైనవారు: ఆ రోజు రిటైరవుతున్న ఫిట్టర్ నర్సింలు, టర్నర్ యాదగిరి, షిఫ్ట్ సూపర్‌వైజర్ ప్రభాకర్ గారు, టూల్ క్రిబ్ చూసుకునే నేను, మా విభాగం కార్మికులు. గేటు బయట జీపులో నర్సింలు వియ్యంకుడు కిష్టయ్య.

టూల్ క్రిబ్ అంటే పనిముట్ల గది. కార్మికుడు కిటికీ దగ్గరికి వచ్చి తన నంబరున్న ఇత్తడి టోకెన్ ఇస్తాడు. దాన్ని మేకుకు తగిలించి, అక్కడున్న పనిముట్టు తీసి ఇస్తాం. పని అయ్యాక పనిముట్టు తిరిగొస్తే టోకెన్ వెనక్కి పోతుంది. ఎప్పుడూ వాడే పానాలు, సుత్తులు మాత్రం ఎవరి పెట్టెలో వారికి ఉంటాయి. వాటి మీద వారి టోకెన్ నంబరే గుద్ది ఉంటుంది. నంబరు ఉన్నదంటే ఆ వస్తువు కంపెనీది, పోతే జవాబుదారీ ఆ మనిషిది. పనిముట్టు ఏదైనా గేటు దాటాలంటే గేట్ పాస్ ఉండాలి.

నర్సింలుది వెలిమెల. కర్మాగారం మొదలైన కొత్తల్లోనే పనిలో చేరాడు. అంతకుముందు వాళ్ల ఇంట్లో అందరూ పరుల పొలాల్లో పనిచేసినవాళ్లే. తీసుకున్న పనిముట్టును నూనె గుడ్డతో తుడవకుండా కిటికీలో పెట్టిన రోజు లేదు. సాయంత్రం గేటు దగ్గర అందరి సంచులూ తడిమే సెక్యూరిటీ వాళ్లు అతన్ని చూసి చేయి ఊపి పొమ్మనేవారు. ఆయన సంపాదించినదాంట్లో ఆయనకు అన్నిటికంటే ఎక్కువైనది ఆ నమ్మకమే. పైకి ఎప్పుడూ అనలేదు గానీ, గేటు దాటేటప్పుడు ఆ నడక చూస్తే తెలిసేది.

రిటైర్మెంటుకు నెల ముందు పెట్టెలోని సామాను లెక్క అప్పజెబుతూ నాతో ఒక మాట అన్నాడు.

"సార్, ఇన్నేండ్లు మిషన్లన్ని విప్పి బిగించిన. ఇంట్ల నల్లా లీకయితే మాత్రం పక్కింటోని పానా అడుక్కస్త. నా సొంతానికి ఒక్క పట్టకారు లేదు."

రిటైరయ్యేవారికి మా విభాగంలో శాలువా, గోడ గడియారం ఇవ్వడం ఆనవాయితీ. ఈసారి గడియారం వద్దు, చేతికి పనికొచ్చేది ఇద్దామని నేనన్నాను. అందరూ ఒప్పుకున్నారు. పెట్టె నిండా సామాను కొనేంత చందా మా దగ్గర రాదు. గడియారానికి పోగుచేసే డబ్బులోనే రావాలి. అందుకే మల్టీ టూల్ అనుకున్నాం. మడిస్తే అరచేతిలో ఇమిడిపోయి, విప్పితే పట్టకారు, కత్తి, రెండు మూడు స్క్రూడ్రైవర్లు, చిన్న ఆకురాయి అన్నీ ఒకదాంట్లోనే వచ్చే వస్తువు. అప్పట్లో అది మా వైపు కొత్త.

యాదగిరీ నేనూ పనిముట్ల దుకాణాలుండే రాణీగంజ్ వెళ్లాం. దుకాణదారు ముందుగా ఒక తళతళలాడేది తీశాడు. పద్దెనిమిది రకాల పనులు చేస్తుందన్నాడు. చేప పొలుసు గీకేది కూడా ఉంది. యాదగిరి దాన్ని విప్పి, పట్టకారు పిడులను అటూ ఇటూ కదిపాడు. దవడలు పక్కకు జారాయి. కొత్తలోనే కీలు ఇంత వదులుగా ఉంటే వాడాక ఎంతవుతుందని దాన్ని పక్కన పెట్టాడు. మడత పనిముట్టుకు ప్రాణమంతా కీల్లోనే ఉంటుంది. దాన్ని రివెట్‌తో శాశ్వతంగా బిగించేస్తే వదులైననాడు పారేయాల్సిందే. స్క్రూతో బిగించినదైతే మళ్లీ బిగించుకోవచ్చు. మేము స్క్రూ ఉన్నవాటినే చూశాం. దవడలు మూసి వెలుతురుకు ఎదురుగా పట్టుకున్నాం. మధ్యలో వెలుగు కనిపించిందంటే సన్న తీగ జారిపోతుంది. కత్తి విప్పితే లాక్ పడుతుందా లేదా చూశాం. పడకపోతే ఒత్తినప్పుడు అది మడుచుకొని వేళ్ల మీదికే వస్తుంది.

చివరికి యాదగిరి జేబులోంచి చిన్న ఆకురాయి తీసి, స్క్రూడ్రైవర్ మొన మీద ఒక్క గీత గీశాడు. ఆకురాయి కొరికితే లోహం మెత్తనిది, జారిపోతే గట్టిపరచిన ఉక్కు. దుకాణదారుకు కోపం వచ్చింది.

"కొననీకి వచ్చిండ్రా, కొయ్యనీకి వచ్చిండ్రా?"

"కొనేదాన్నే కోసి సూస్తరు సేఠ్. పుచ్చకాయకు లేదా గా రివాజు?" అన్నాడు యాదగిరి.

దుకాణదారు నవ్వి, అడుగు అరలోంచి ఇంకొకటి తీశాడు. మెరుపు లేదు, బరువుంది. పనులు తొమ్మిదే. కానీ తొమ్మిదీ ఫిట్టరుకు కావాల్సినవే. కీలుకు స్క్రూ ఉంది, ఆకురాయి జారింది. మా డబ్బు దానికి సరిగ్గా సరిపోయింది. తక్కువ డబ్బుతో గట్టి వస్తువు కావాలంటే పనుల సంఖ్య తగ్గించుకోవాలి తప్ప ఉక్కులో తగ్గించుకోకూడదు. ఆ మాటను ఇప్పటికీ ఎవరడిగినా చెబుతాను.

దాని మీద పేరు గుద్దిద్దామని ఎవరో అన్నారు. మా దగ్గర నంబర్ పంచ్‌లు, అంటే ఉక్కు మీద అంకె పడేలా సుత్తితో కొట్టే అచ్చులు ఉన్నాయి. పిడి మీద జాగా కొంచెమే. పైగా మా కర్మాగారంలో నర్సింలులు నలుగురు. అందరూ ఈయన్ని టోకెన్ నంబరుతో "రెండొందల పదిహేడు" అనే పిలిచేవారు. క్యాంటీన్‌లో చాయ్ పోసే ఆయన కూడా. యాదగిరి ఎంతో ప్రేమతో, మూడు అంకెలూ వరుస తప్పకుండా, పిడి మీద 217 గుద్దాడు. చూసినవాళ్లందరం బాగుందన్నాం.

సోమవారం సాయంత్రం సభ ఆలస్యంగా మొదలై ఆలస్యంగా ముగిసింది. నర్సింలు పొట్లం విప్పి, ఒక్కో మడతా తీసి చూసి, మళ్లీ మడిచి టిఫిన్ సంచిలో పెట్టుకున్నాడు. గేట్ పాస్ రాసే గుమాస్తా అప్పటికే వెళ్లిపోయాడు. ప్రభాకర్ గారు నవ్వుతూ, నర్సింలును గేటు దగ్గర ఎవరు ఆపుతారయ్యా అన్నారు. నిజమే అనిపించింది అందరికీ.

ఆ నెలలోనే సెక్యూరిటీ ఏజెన్సీ మారిందన్న సంగతి మాకు తెలియంది కాదు. నర్సింలుకూ ఆ మార్పుకూ సంబంధం ఉంటుందని తోచలేదు, అంతే.

షిఫ్టు వదిలిన జనమంతా గేటు దగ్గర వరుసలో ఉన్నారు. మెడలో దండతోనే నర్సింలు కూడా వరుసలోనే నిలబడ్డాడు. మేము కొంచెం వెనుక. గేటుకు అవతల కిష్టయ్య జీపు దిగి, వియ్యంకుణ్ని తీసుకుపోవడానికి శాలువాతో నిలబడి ఉన్నాడు. కంది గ్రామంలో రెండు బోర్లున్న రైతు. ఆయన కొడుక్కే నర్సింలు తన కూతుర్నిచ్చాడు. వియ్యంకులిద్దరూ ఒకరినొకరు బావా అనుకుంటారు. ఎక్కడ కలిసినా ఎగతాళి చేసుకోవడం మా వైపు వియ్యంకుల మర్యాద.

కొత్త గార్డు బిహార్ కుర్రాడు. అందరివీ తడిమినట్టే సంచి తడిమాడు. మల్టీ టూల్ బయటికి తీసి, నంబరు చూసి, పైకెత్తి పట్టుకుని, ఇది కంపెనీది కదా, పాస్ ఎక్కడని అడిగాడు.

"యే తో కంపెనీ కా హై. పాస్ కిధర్?"

వరుస ఆగిపోయింది. అవతలి నుంచి కిష్టయ్య అలవాటు ప్రకారం అన్నాడు.

"ఏంది బావా, ఆఖరి రోజు గూడ చెయ్యి ఊకుంటలేదా?"

వరుసలో జనం నవ్వారు. అందులో చెడు ఉద్దేశం ఎవరికీ లేదు. ఇంకే రోజైనా నర్సింలు కూడా దానికి తగ్గ మాట విసిరి నవ్వేవాడే.

మేము పరుగెత్తి వెళ్లి చెప్పాం. ప్రభాకర్ గారు ఒక కాగితం మీద రాసి సంతకం చేశారు. గార్డు తప్పయిందని సెల్యూట్ కొట్టి వస్తువు తిరిగి ఇచ్చాడు. నర్సింలు దాన్ని తీసుకుని యాదగిరి చేతిలో పెట్టాడు.

"ఇది నీ తాన్నే ఉండని."

మెడలో దండ తీసి చేత్తో పట్టుకుని జీపెక్కాడు.

ఆ పనిముట్టును ఎన్ని విధాలుగా పరీక్షించామో చెప్పాను. కీలు, దవడ, లాక్, ఉక్కు అన్నీ చూశాం. అది ఎవరి సంచిలో, ఏ గేటు గుండా ఇంటికి పోవాలో మాత్రం మాలో ఎవరికీ తట్టలేదు. గట్టి వస్తువు మీద గుద్దిన అంకె కూడా అంతే గట్టిగా ఉంటుంది. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఎవరికి ఏ కానుక ఇచ్చినా గేట్ పాస్ ముందు రాయించి, వస్తువు తరువాత కొనేవాళ్లం. నర్సింలుకు దానివల్ల ఒరిగిందేమీ లేదు.

మర్నాడు పొద్దున్నే యాదగిరి నంబరును గ్రైండర్ మీద అరగదీస్తానన్నాడు. ఆ వేడికి ఉక్కు పదును పోతుంది, పైగా నంబరు చెరిపిన పనిముట్టు ఇంకా దొంగసొత్తులా కనిపిస్తుంది, వద్దన్నాను. సరైన గేట్ పాస్ రాయించుకుని ఇద్దరం స్కూటరు మీద వెలిమెల వెళ్లాం.

కిష్టయ్య రాత్రి అక్కడే ఉండిపోయాడు. వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూడగానే లేచి, తనే ముందుగా మాట్లాడాడు.

"నేను ఊకెనే అన్న సార్. గంతమంది నవ్వుతరని ఎరుక లేదు."

నర్సింలు మమ్మల్ని కూర్చోబెట్టాడు. ఆయన భార్య చాయ్ ఇచ్చింది. యాదగిరి మల్టీ టూల్‌నూ గేట్ పాస్‌నూ కలిపి ఆయన ముందు పెట్టాడు. నర్సింలు కాగితం ముట్టుకోలేదు. పనిముట్టు తీసుకుని పట్టకారు విప్పాడు, దవడలు మూసి ఆకాశం వైపు ఎత్తి చూశాడు, కీలు కదిపి చూశాడు.

"సరుకు మంచిగుంది యాదగిరి. నీకంటె ముందు పోదు."

మడిచి, లేచి వెళ్లి, దాన్ని కిష్టయ్య చేతిలో పెట్టి వేళ్లు మూశాడు.

"ఏందిది బావా? నీకిచ్చింది నాకెందుకు?" అన్నాడు కిష్టయ్య.

"బోరు కాడ పనికొస్తది, ఉంచుకో" అన్నాడు నర్సింలు. "నీ జేబుల ఉంటె ఎవ్వలు అడుగరు."