మా ఆవిడ ఊరెళ్తే తగ్గిన చెవినొప్పి

ఒక్క ఫోన్‌కాల్‌తో పచ్చని కాపురానికి నిప్పు పెట్టుకోవడం ఎలాగో ఎవరికైనా నేర్చుకోవాలనుంటే నా దగ్గరికి రండి. అగ్గిపెట్టె కూడా అక్కర్లేదు. కాస్త చెవినొప్పి, దాంతోపాటు లోకంలో నాకంటే తెలివైనవాడు లేడన్న నమ్మకం ఉంటే చాలు. నాకు అప్పట్లో రెండూ దండిగా ఉండేవి.

పెళ్లై ఇంకా ఏడాది కాలేదు. వైరాలో నీటి మోటార్లు అమ్మే దుకాణంలో పని, అక్కడే రెండు గదుల కిరాయి ఇల్లు. నా భార్య సుజాతది భద్రాచలం దాటాక అడవి అంచున ఉన్న ఊరు. అంతా బాగానే ఉందనుకుంటుండగా నా కుడి చెవిలో నొప్పి మొదలైంది. పొద్దున సన్నగా ఉండేది. సాయంత్రానికి లోపల ఎవరో కూర్చుని స్క్రూ బిగిస్తున్నట్టుండేది.

మందు వేసుకోవడం ఎవరైనా చేస్తారు. నాకు కారణం కావాలి! మొదట ఫ్యాను మీద అనుమానపడి ఆపేశాను. సుజాత ఉక్కతో ఉడికిపోయింది తప్ప నా చెవికి ఒరిగిందేమీ లేదు. తర్వాత దిండు మార్చాను, హెల్మెట్ మార్చాను. వెల్లుల్లి కాచిన నూనె పోయించుకున్నాను. మందుల షాపతను ఫోన్ లైటు వేసి చూసి, లోపల అద్దంలా ఉందన్నాడు. అద్దం ఎందుకు నొప్పి పెడుతుందో మాత్రం చెప్పలేదు.

చివరికి మా దుకాణం సేటు తేల్చేశాడు. "చెవిల గాలి పట్టింది తమ్మీ. ఊకె దవడ ఆడిస్తుండు, అదే వదుల్తది."

దవడ ఆడించడానికి మనకు లోటేముంది? సుజాత పుట్టింటి నుంచి సంచెడు చింతగింజలు తెచ్చుకుంది. వాటిని వేయించి, పొట్టు తీసి, ఉప్పునీళ్లలో నానబెట్టి పెట్టేది. నానేదాకా ఆగే ఓపిక నాకెక్కడిది? వేయించినవి వేయించినట్టే జేబులో పోసుకుపోవడం ముందునుంచీ అలవాటు. సేటు వైద్యం మొదలయ్యాక రెండు జేబులూ నింపుకోసాగాను.

గాలి వదల్లేదు. నొప్పి పెరిగింది. అంతలో తమ్ముడి పెళ్లి పనులకని సుజాత పుట్టింటికెళ్లింది.

ఆమె వెళ్లిన నాలుగు రోజులకు నొప్పి మాయం! ఎంత వెతికినా దొరకలేదు. సంతోషించి ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? ఆలోచించాను. అదే ఫ్యాను, అదే దిండు, అదే దుకాణం. ఇంట్లో లేనిది సుజాత ఒక్కతే. వాళ్ల ఊళ్లో ఇళ్లు దూరం దూరంగా ఉంటాయి, ఒక వాకిట్లోంచి ఇంకో వాకిట్లోకి కేకేసి మాట్లాడుకుంటారు. ఆ గొంతు మా రెండు గదుల్లో ఎక్కడ ఇముడుతుంది? దొంగ దొరికిందనుకుని వెంటనే ఫోన్ చేశాను.

"సుజాతా, ఒకటి కనిపెట్టిన. నువ్వు పోయినకాన్నుంచి నొప్పి లేదు. నీ గొంతుతోనే వస్తున్నట్టుంది."

నవ్వకండి. నా నొప్పి తగ్గినందుకు ఆమె సంబరపడుతుందనే అనుకున్నాను. పసుపు కొడుతూ ఫోన్ స్పీకర్‌లో పెట్టిందని, చుట్టూ అత్తలూ వదినలూ కూర్చున్నారని నాకేం తెలుసు? రోకళ్ల చప్పుడు ఆగిపోయింది.

"అయితే ఈడనే ఉంట. నీ చెవి సల్లగుండనియ్యి" అని పెట్టేసింది.

ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు. ఇంట్లో కుళాయి చుక్క పడినా వినపడేది. నొప్పి లేని చెవితో ఆ నిశ్శబ్దం వినడం నా వల్ల కాలేదు. నిజంగానే రాదేమోనని భయమేసింది. మళ్లీ నొప్పొచ్చినా సరే, ఆమె కేక వినాలనిపించింది. సెలవు పెట్టి బస్సెక్కాను.

పెళ్లిల్లంటే ఎంత గోలగా ఉండాలి? నేను గుమ్మంలో కాలు పెట్టగానే అందరూ గొంతు తగ్గించారు. మా మామగారు దగ్గరికొచ్చి, రహస్యం చెబుతున్నట్టు, "అన్నం తింటరా అల్లుడూ?" అన్నాడు. వదినలు సైగలతోనే నీళ్లిచ్చారు. సుజాతైతే నా వైపే చూడలేదు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, మా అత్తగారు ముందు పెట్టిన పళ్లెంలోని వేయించిన చింతగింజలన్నీ ఒక్కొక్కటే పటపట కొరికేశాను.

పొద్దు వాలేసరికి చెవిలో స్క్రూ బిగిసింది. ఉలిక్కిపడ్డాను. ఈ ఇంట్లో మధ్యాహ్నం నుంచి ఒక్కరూ గట్టిగా మాట్లాడలేదు, సుజాత అసలు మాట్లాడనేలేదు, మరి నొప్పెలా వచ్చింది?

"సుజాతా! నొప్పి లేసింది! నీ తప్పు కాదు!" అని కేకేశాను. నొప్పొచ్చినందుకు గంతులేసే మనిషిని చూడ్డానికి ఇల్లంతా వచ్చి నిలబడింది.

సుజాత నన్ను చూసింది, ఖాళీ పళ్లెం చూసింది. "ఇంట్ల మేమెవ్వరం నోరు తెరవలే. వచ్చినకాన్నుంచి ఆడించింది నీ నోరొక్కటే" అంది.

పెళ్లయ్యాక ఖమ్మంలో చెవి డాక్టరమ్మకు చూపించుకున్నాం. ఆమె నా చెవి ముందు వేలు పెట్టి, నోరు తెరిచి మూయమంది. కటుక్కుమంది. దవడ కీలు అక్కడే ఉంటుందట, అది వాస్తే చెవి నొప్పిలాగే ఉంటుందట. సుజాత ఊరెళ్లాక గింజలు వేయించిపెట్టేవాళ్లు లేకే దానికి విశ్రాంతి దొరికిందన్నమాట. గట్టివి కొరకొద్దంది, మెత్తటి అన్నం తినమంది. తగ్గేదాకా మాటలు కూడా తగ్గించమంది.

వైరా బస్సులో సుజాత ముందు సీటులోని ఆవిడకు ఈ కథంతా మొదటినుంచీ చెప్పింది. డ్రైవరుకూ వినపడేలా చెప్పింది. మధ్యలో అలా కాదు ఇలా అని సరిదిద్దబోతే, "డాక్టరమ్మ ఏం చెప్పింది?" అంది. మూసుకున్నాను.

సర్వజనులకూ ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, ఇకమీదట నా ఒంట్లో ఎక్కడ నొప్పొచ్చినా దానికి కారణం నేను కనిపెట్టను. ఆ రోజు బస్సులోనే సుజాత నా చేత ఈ ఒట్టు వేయించుకుంది. నోరు తెరవకూడదు కాబట్టి, అందరి ముందూ తల ఊపి వేశాను.